నిలిచిన కారులో స్టీరింగ్ వణుకు

కారు కదలకుండా ఆగి, ఇంజను మాత్రం నడుస్తున్నప్పుడు స్టీరింగ్ చక్రం ద్వారా అరచేతులకు తెలిసే కంపనం ఇది. సిగ్నల్ దగ్గరో, రైల్వే గేటు దగ్గరో, పెట్రోలు బంకు వరుసలోనో బయటపడుతుంది. గేరు పడి కారు వేగం అందుకోగానే మాయమవుతుంది. ఇంజను ఇలా ఊరికే తిరిగే స్థితికి ఐడ్లింగ్ అని పేరు.

పేరులో స్టీరింగ్ ఉన్నా ఇది స్టీరింగ్ జబ్బు కావడం అరుదు. వణుకు పుట్టేది ఇంజనులో, దాన్ని మింగవలసినవి ఇంజను మౌంటింగులు, అవి మింగలేనిది తేలేది స్టీరింగ్‌లో. కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఒకటే. ఇంజను మామూలు కంటే ఎక్కువగా వణుకుతోందా, లేక మామూలుగానే వణుకుతున్న ఇంజను బాడీని ఎక్కువగా వణికిస్తోందా? ఇది తేల్చకుండా మొదలుపెట్టిన మరమ్మతు మూడు నాలుగు పార్టులు మార్చాక గానీ దారికి రాదు.

దీన్ని పరుగులో వచ్చే వణుకుతో కలపకూడదు. గంటకు 80 నుంచి 110 కిలోమీటర్ల మధ్య స్టీరింగ్ అటూ ఇటూ ఊగితే చక్రాల బ్యాలెన్సింగ్ తప్పి ఉండవచ్చు. బ్రేకు తొక్కినప్పుడే ఊగితే బ్రేకు డిస్కు మందం సమంగా లేకపోయి ఉండవచ్చు. నిలిచిన కారులో చక్రాలు తిరగవు, తిరగని చక్రం దేన్నీ వణికించదు. అయినా ఈ ఫిర్యాదుతో ఇల్లు కదిలినవాళ్లలో ఎందరో ముందు వీల్ అలైన్‌మెంట్‌కు డబ్బు కట్టి వస్తారు. స్టీరింగ్ వణుకుతోందనగానే టైర్ల దుకాణం గుర్తుకు రావడం మనకు అలవాటైపోయింది.

వణుకు పుట్టే చోటు

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండరూ ఒక్కసారి మండుతుంది. నాలుగు సిలిండర్లుంటే చుట్టుకు రెండు మంటలు, మూడుంటే ఒకటిన్నర. ఐడ్లింగ్‌లో ఇంజను నిమిషానికి 750 చుట్లు తిరుగుతోందనుకుందాం, అంటే సెకనుకు 12.5. నాలుగు సిలిండర్ల ఇంజను ఆ లెక్కన సెకనుకు 25 తోపులు ఇస్తుంది. మూడు సిలిండర్లది 800 చుట్ల దగ్గర తిరిగినా 20 తోపులే ఇస్తుంది. ప్రతి తోపుకూ క్రాంక్ ఒకవైపు తిరిగితే ఇంజను దిమ్మ రెండోవైపు ఒరగబోతుంది. వేగంలో ఈ తోపులు దగ్గరదగ్గరగా పడి కలిసిపోతాయి. ఐడ్లింగ్‌లో దేనికది విడిగా తెలుస్తుంది.

పిస్టన్లు పైకీ కిందికీ ఆడటం వల్ల పుట్టే ఊపు వేరు. వరుసగా నాలుగు సిలిండర్లున్న ఇంజనులో రెండు పైకి పోతే రెండు కిందికి వస్తాయి, పెద్ద బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కనెక్టింగ్ రాడ్డు వాలు వల్ల వచ్చే చిన్నవి మిగులుతాయి. మూడు సిలిండర్ల ఇంజనులో బలాలన్నీ కలిపితే సున్నాయే గానీ, అవి తలొక చోట పనిచేయడం వల్ల ఇంజను ఒక కొస లేచి మరో కొస దిగుతూ త్రాసులా ఊగుతుంది. ఈ బలాలు వేగం వర్గంతో పెరుగుతాయి కాబట్టి ఐడ్లింగ్‌లో చిన్నవే. అప్పుడు చేతికి తగిలేదాంట్లో పెద్ద వాటా మంట తోపుదే.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కు ఉన్నది మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను. చిన్న కారంటే మూడు సిలిండర్లు, కాస్త పెద్దదంటే నాలుగు అన్న లెక్క మన దగ్గర చాలాకాలం నడిచింది. మైలేజీ, కాలుష్య నియమాల ఒత్తిడితో ఇప్పుడు పెద్ద కార్లు కూడా మూడుకు దిగుతున్నాయి. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్ అలా నాలుగు నుంచి మూడుకు మారింది. పాత కారు అమ్మి కొత్తది కొన్నవాళ్లు "ఇదేమిటి, ఇది వణుకుతోంది" అనడంలో కొంత ఈ లెక్కే ఉంది.

మౌంటింగుల లెక్క

ఇంజనును, గేరుబాక్సును కలిపి బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలే మౌంటింగులు. కొందరు మెకానిక్కులు ఫౌండేషన్లు అంటారు. ఇంజను అడ్డంగా కూర్చునే ఇప్పటి చిన్న కార్లలో ఇవి సాధారణంగా మూడో నాలుగో ఉంటాయి. కుడి ఎడమల ఉన్నవి బరువు మోస్తాయి. వెనక కింద ఉన్నది ఇంజను ముందుకూ వెనక్కూ ఒరగకుండా పట్టుకుంటుంది. ఆ మూడోది చాలా కార్లలో రెండు కొసల్లోనూ రబ్బరు బుష్షులున్న పొట్టి రాడ్డు. చూడటానికి చిన్నదే గానీ, ఐడ్లింగ్ వణుకుకు ఎక్కువసార్లు దొరికే దొంగ అదే.

రబ్బరు మీద కూర్చున్న ఇంజనుకు తనదైన లయ ఒకటి ఉంటుంది. ఒకసారి తోసి వదిలితే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క. అది 10 అనుకుందాం. తోపుల లయ దీనికి 1.41 రెట్లు దాటినప్పుడే రబ్బరు వణుకును తగ్గిస్తుంది. అంతకు లోపల ఉంటే తగ్గించదు సరికదా పెంచుతుంది. రబ్బరు లోపలి రాపిడిని పక్కన పెట్టి లెక్క కడితే, సెకనుకు 25 తోపులిచ్చే నాలుగు సిలిండర్ల ఇంజను నుంచి బాడీకి చేరేది దాదాపు 19 శాతం బలం. 20 తోపులిచ్చే మూడు సిలిండర్లదైతే 33 శాతం. నాలుగు సిలిండర్ల ఇంజను వేగమే 600కు పడిపోతే అదీ 20 తోపులే, అదే 33 శాతం.

ఇక రబ్బరు ముదిరి గట్టిపడి సొంత లయ 10 నుంచి 15కు పెరిగిందనుకోండి. ఇంజను ఏ మార్పూ లేకుండా 750 దగ్గరే తిరుగుతున్నా బాడీకి చేరే బలం 19 నుంచి 56 శాతానికి ఎగబాకుతుంది, అంటే దాదాపు మూడింతలు. ప్లగ్గులు మార్చినా, ఇంజెక్టర్లు కడిగించినా ఆ వణుకు పోనిది ఇందుకే.

ఒక సిలిండరు మండకపోతే, మెకానిక్కుల మాటలో "మిస్సింగ్ కొడితే", కథ ఇంకో దారి పడుతుంది. అప్పుడు రెండు చుట్లకు ఒక లోటు వస్తుంది, అంటే 750 చుట్ల దగ్గర సెకనుకు 6.25 కుదుపులు. ఇది సొంత లయ 10కి లోపల ఉంది కాబట్టి, పైలెక్కన మౌంటింగు దాన్ని 1.6 రెట్లు చేసి బాడీకి అందిస్తుంది. కొత్త మౌంటింగులు వేసినా మిస్సింగ్ వణుకు పోదు. మంచం మీద కూర్చుని ఎవరో కాళ్లూపుతున్నట్టుండే నెమ్మది కుదుపు మిస్సింగ్‌ది. సెల్‌ఫోను మూగగా మోగినట్టుండే సన్నని గిలగిల మౌంటింగుది. కొంత అలవాటైతే చేయి పెట్టగానే తేడా తెలుస్తుంది.

ఇంజను ఆపేటప్పుడు కారు ఒక్కసారి ఒళ్లు విదిలించుకోవడం కూడా ఈ లెక్కలోదే. వేగం సున్నాకు దిగుతూ సొంత లయను దాటే క్షణంలో ఆ కుదుపు వస్తుంది. కొద్దిపాటిది సహజం.

చేతికే ఎందుకు తెలుస్తుంది

స్టీరింగ్ కాలమ్ డ్యాష్‌బోర్డు వెనకున్న అడ్డ దూలం నుంచి చేయి చాచినట్టు బయటికి వస్తుంది, కొసన చక్రమూ ఎయిర్‌బ్యాగూ వేలాడుతుంటాయి. కొసన బరువున్న గెడ సులువుగా ఊగుతుంది. దాని సొంత లయ ఐడ్లింగ్ తోపులకు పైన ఉండేలా తయారీదారులు గట్టిగా కడతారు. కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగునే రబ్బరు మీద కూర్చోబెట్టి, చక్రం ఒకవైపు ఊగితే అది ఎదురు ఊగేలా చేస్తారు. ఎదురు ఊగే బరువుతో వణుకు చంపే ఈ ఉపాయానికి జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫ్రామ్ 1911లో అమెరికా పేటెంటు పొందాడు. అందుకే అసలు చక్రం తీసేసి బయట దొరికే తేలికపాటి "స్పోర్ట్స్" చక్రం బిగించిన కార్లలో కొత్తగా వణుకు మొదలైతే ఆశ్చర్యపడనక్కర్లేదు. ఎయిర్‌బ్యాగు పోవడం దానికంటే పెద్ద నష్టం.

మన చేతుల సంగతీ ఉంది. చేతుల ద్వారా ఒంట్లోకి వచ్చే కంపనాలను కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 5349, సెకనుకు 8 నుంచి 16 ఊపుల మధ్యవాటికి ఎక్కువ బరువిచ్చి, ఆపైన తగ్గిస్తూ పోతుంది. ఐడ్లింగ్ తోపులు ఆ అంచుకు దగ్గర్లోనే ఉన్నాయి.

పాత ప్రయత్నాలు

ఇంజనును చట్రానికి నేరుగా బోల్టు కొట్టేసే రోజుల్లో వణుకు అందరి పాలూ సమానమే. బ్రిటన్‌కు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 20వ శతాబ్దం తొలి ఏళ్లలో, ఇంజను లోపలే ఎదురు తిరిగే బరువులతో కనెక్టింగ్ రాడ్డు వాలు వల్ల మిగిలే ఆ చిన్న బలాలను చంపే షాఫ్టులను కనిపెట్టాడు. అది ఖరీదైన ఉపాయం కావడంతో దశాబ్దాలు మూలపడి, 1975లో జపాన్‌లో మిత్సుబిషి "సైలెంట్ షాఫ్ట్" పేరుతో మళ్లీ వెలుగు చూసింది. పోర్షే కూడా తన 944 కోసం ఆ లైసెన్సు తీసుకుంది. చవకదారి పట్టింది క్రైస్లర్. 1931 ప్లిమత్ పీఏ మోడల్‌లో ఇంజనును రెండు రబ్బరు మౌంటింగుల మీద, వాటిని కలిపే గీత ఇంజను గురుత్వ కేంద్రం గుండా పోయేలా కూర్చోబెట్టి, ఎక్కువ ఒరగకుండా పక్కన స్ప్రింగు పట్టీ పెట్టింది. దాని పేరు "ఫ్లోటింగ్ పవర్". ఫ్రాన్స్‌లో సిత్రొయెన్ ఆ హక్కులు కొని, ఈదే హంస బొమ్మను కొంతకాలం తన కార్ల ముందు పెట్టుకుంది. ఇప్పటి ఖరీదైన కార్లలో రబ్బరు లోపల గ్లైకాల్ ద్రవం నింపిన మౌంటింగులుంటాయి. అవి పగిలితే కింద నల్లని తడి కనిపిస్తుంది, దాన్ని ఇంజన్ ఆయిల్ కారడమని పొరబడేవాళ్లున్నారు.

ఖర్చు లేని పరీక్షలు

సమనేల మీద కారు ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, చక్రాలకు రాళ్లు పెట్టి మొదలుపెట్టాలి. మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు, పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండా చంపుతుంది. బానెట్ ఎత్తాక పంచె చెంగు, చున్నీ, వదులు చేతులు బెల్టుకు దూరంగా ఉండాలి. రేడియేటర్ ఫ్యాను చెప్పకుండా తిరుగుతుంది.

మొదట ఇంజను వేడెక్కనివ్వాలి. చల్లని ఇంజను తనంతట తాను వెయ్యి పైనే తిరుగుతుంది కాబట్టి వణుకు దాక్కుంటుంది. "పొద్దున బాగానే ఉంటుంది, ఆఫీసుకు చేరేసరికి మొదలవుతుంది" అన్న ఫిర్యాదు దీని వల్లే. వేడెక్కాక మీటరు మీద ఆర్‌పీఎం చూడాలి. పెట్రోలు కార్లలో చాలావాటికి 650 నుంచి 900 మధ్య ఉండాలి. సరైన అంకె కారు పుస్తకంలోనో బానెట్ కింది స్టిక్కరు మీదో ఉంటుంది. ముల్లు కదలకుండా నిలిచి ఉంటే అనుమానం మౌంటింగు వైపు, పడుతూ లేస్తూ ఉంటే ఇంజను వైపు పోవాలి. యాక్సిలరేటరు తడిమి 1,000 నుంచి 1,200 దగ్గర నిలిపితే వణుకు పూర్తిగా పోయిందా? అయితే ఐడ్లింగ్ తక్కువై ఉండాలి, లేదా మౌంటింగు ముదిరి ఉండాలి. వేగం పెంచేకొద్దీ పెరిగితే తిరిగే భాగాల్లో అసమతూకం వెతకాలి.

తర్వాత బరువులు వేసి చూడాలి. ఏసీ వేయగానే కంప్రెసర్ ఇంజను మీద పడుతుంది. ఇంజను కంప్యూటరు వెంటనే కొంచెం గాలి పెంచి ఆర్‌పీఎంను నిలబెట్టాలి, అలా నిలబెట్టలేకపోతే గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ బాడీలో మసి అడ్డుపడి ఉండవచ్చు. స్టీరింగ్‌ను కొస వరకు తిప్పినప్పుడు, హెడ్‌లైట్లు వేసినప్పుడు కూడా ఇంతే. విజయవాడ ఎండలో ఏసీ, ఫ్యాను రెండూ పూర్తిగా తిరుగుతున్నప్పుడు మాత్రమే వచ్చే వణుకును సాయంత్రం చల్లపడ్డాక మెకానిక్కుకు చూపిస్తే ఆయనకు ఏమీ కనిపించదు.

ఆటోమేటిక్ కారులో బ్రేకు గట్టిగా తొక్కి డి లోకి, ఆర్ లోకి మార్చి చూడాలి. న్యూట్రల్‌లో ప్రశాంతంగా ఉండి డి లో వణికితే, గేరు ఒత్తిడికి మౌంటింగు ఒక వైపు నొక్కుకుపోయి గట్టిపడుతోందని అర్థం. కారు ముందు గానీ వెనక గానీ ఎవరూ నిలబడకుండా, ఒకరు పక్క నుంచి ఇంజనును గమనిస్తే మరీ మంచిది. గేరు మారినప్పుడు ఇంజను కొంచెం ఒరగడం సహజమే, టక్కుమని ఎగిరి పడితే రబ్బరు తెగినట్టే. మాన్యువల్ కారులో క్లచ్ తొక్కి చూడాలి. తొక్కగానే వణుకో గరగరో మారితే దారి క్లచ్ వైపు, డీజిల్ కార్లలో రెండు ముక్కల ఫ్లైవీల్ వైపు తిరుగుతుంది.

ఇంజను తప్పయితే

మిస్సింగ్‌కు పెట్రోలు కారులో మొదటి ముద్దాయి స్పార్క్ ప్లగ్గు, రెండోది దాని మీది కాయిల్. ఈ రోజుల్లో సిలిండరుకో కాయిల్ ఉంటుంది కాబట్టి చవకైన పరీక్ష ఉంది. అనుమానమున్న కాయిల్‌ను పక్క సిలిండరు కాయిల్‌తో మార్చి, మిస్సింగ్ దానితో పాటు జరిగిందేమో చూడటమే. 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4 దేశమంతటా తప్పనిసరైంది, ఆ తర్వాతి కార్లన్నిటిలో స్టీరింగ్ కింద స్కానరు తగిలించే ఓబీడీ సాకెట్టు ఉంటుంది. చవక స్కానరు పెట్టినా పీ0301 అంటే మొదటి సిలిండరు మిస్సింగ్, పీ0302 అంటే రెండోది అని చెప్పేస్తుంది. పీ0300 వస్తే మిస్సింగ్ ఏ ఒక్క సిలిండరుకూ పరిమితం కాలేదని అర్థం, అప్పుడు గాలి, ఇంధనం వైపు చూడాలి. పాతకాలం మెకానిక్కులు నడుస్తున్న ఇంజనులో ప్లగ్గు వైరు పీకి ఏ సిలిండరు చచ్చిందో చెప్పేవారు. ఇప్పటి కార్లలో అలా చేస్తే షాకు కొడుతుంది, మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. ఇంజెక్టర్ కనెక్టర్ ఒక్కొక్కటీ తీసి చూడటం దానికంటే క్షేమం. ఏది తీసినా ఇంజను వణుకు పెరగాలి. తీసినా తేడా రాని సిలిండరే పనిచేయనిది.

దొంగగాలి రెండో పెద్ద కారణం. థ్రాటిల్‌ను దాటుకుని పగిలిన గొట్టంలోంచో, ఎండిన గాస్కెట్ పక్కనుంచో లెక్కలేని గాలి చొరబడితే మిశ్రమం పలచబడి ఐడ్లింగ్ తడబడుతుంది. వేగం పెరిగితే మొత్తం గాలిలో దాని వాటా తగ్గి ఇంజను సర్దుకుంటుంది. పీ0171 కోడు దీన్నే సూచిస్తుంది. వాక్యూమ్ గేజి ఉన్న మెకానిక్కు దొరికితే అదృష్టం. ఆరోగ్యమైన పెట్రోలు ఇంజను ఐడ్లింగ్‌లో సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపిస్తుంది, ముల్లు కదలదు. సుమారు 500 మీటర్ల ఎత్తునున్న హైదరాబాదులో అదే ఇంజను ఒకటిన్నర అంగుళం తక్కువ చూపడం లోపం కాదు. ముల్లు ఒకే లయలో కొట్టుకుంటుంటే వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదన్నమాట. కంప్రెషన్ పరీక్ష తప్పదు.

పుస్తకాల్లో పెద్దగా కనిపించని కారణం ఎలుక. వర్షాకాలంలో వెచ్చని ఇంజను మీద కాపురం పెట్టి ఇంజెక్టర్ వైర్లు, సన్న గొట్టాలు కొరికేస్తుంది. రాత్రి బాగున్న కారు పొద్దున స్టార్టు చేయగానే ఊగిపోతుంటే కాయిల్ కొనే ముందు బానెట్ ఎత్తి ఎలుక పెంటికలు ఉన్నాయేమో చూడటం మంచిది.

థ్రాటిల్ బాడీ కడిగించాక ఐడ్లింగ్‌ను కంప్యూటరుకు మళ్లీ నేర్పించాలి. అది మరిచిపోతే కడిగాకే వణుకు పెరిగిందన్న గొడవ వస్తుంది. సీఎన్‌జీ కిట్టు ఉన్న కారును పెట్రోలు మీద ఒకసారి, గ్యాసు మీద ఒకసారి నిలిపి చూస్తే సగం నిర్ధారణ అయిపోతుంది. డీజిల్‌లో ప్లగ్గు మంట ఉండదు కాబట్టి అనుమానం ఇంజెక్టర్ల మీదికి పోతుంది. ఒక్కో సిలిండరుకు కంప్యూటరు ఎంత ఇంధనం సర్దుతోందో స్కానరులో చదవవచ్చు, మిగతావాటికి దూరంగా ఉన్న అంకె నేరస్థుణ్ణి పట్టిస్తుంది. పొగలో కొంత తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వు మూతపడకుండా ఇరుక్కుంటే అది కూడా ఐడ్లింగ్‌ను పాడు చేస్తుంది.

మౌంటింగు తప్పయితే

రబ్బరు ఎండకు, ఇంజను వేడికి గట్టిపడుతుంది. నూనె తగిలితే ఉబ్బి మెత్తబడి చిరుగుతుంది. సర్వీసింగుకిచ్చినప్పుడు తళతళలాడాలని ఇంజను మీద, కింద డీజిల్ కొట్టించుకునే అలవాటు మనవాళ్లలో ఉంది. తుప్పుకు మందు అనుకుంటారు గానీ మౌంటింగు రబ్బరుకు అది విషం.

పరీక్షకు వెడల్పాటి చెక్క అడ్డం పెట్టి జాకీతో ఇంజనును కొంచెమే పైకి మోపి, రబ్బరుకూ ఇనుముకూ మధ్య చీలిక తెరుచుకుంటోందా అని చూస్తారు. ఇంజను నడుస్తుండగా అలా మోపినప్పుడు వణుకు తగ్గితే ఇంకేం సాక్ష్యం అక్కర్లేదు. ఆయిల్ సంపు సన్నని రేకు కావచ్చు కాబట్టి చెక్క లేకుండా జాకీ ఆనించరాదు.

మార్చేటప్పుడు రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, చవకగా దొరికిందని గట్టి రబ్బరు మౌంటింగు వేయడం. పాతది తెగింది, కొత్తది తెగలేదు, అయినా వణుకు పెరిగింది. కారణం పైన చూసిన 15 లెక్క. రేసు కార్ల పాలీయూరితేన్ మౌంటింగుల సంగతీ అంతే, ఇంజను కదలదు గానీ అద్దాలు కూడా వణుకుతాయి. రెండోది బిగించే తీరు. ఇంజనును ఒక పక్కకు లాగి పట్టి బోల్టులు బిగిస్తే కొత్త రబ్బరు మొదటి రోజే మెలిపడి, సగం నొక్కుకుని కూర్చుంటుంది. క్లచ్ పనికో, గేరుబాక్సు దించినప్పుడో ఇలా జరిగి "క్లచ్ వేయించాక వణుకు వచ్చింది" అంటారు. మందు సులువు. కంపెనీ చెప్పిన వరసలో మౌంటింగు బోల్టులు వదులు చేసి, ఇంజనును కొంచెం ఊపి తన చోట తానే కుదురుకోనిచ్చి, మళ్లీ చెప్పిన బలానికి బిగించడం. ఒక్క రూపాయి పార్టు లేకుండా పోయే వణుకుల్లో ఇదే మొదటిది. ఆటోనగర్‌లో చేయి తిరిగిన మెకానిక్కు కొత్త మౌంటింగు తెమ్మనే ముందు ఈ పని చేసి చూస్తాడు.

మిగతా దారులు

ఇంజనుకూ బాడీకీ మధ్య మౌంటింగు కాకుండా ఇంకేదైనా తగిలితే వణుకు ఆ అడ్డదారిన పోతుంది. ఎత్తు స్పీడ్‌బ్రేకరు మీద కింద కొట్టుకున్న కారులో సైలెన్సర్ పైపు అడ్డ దూలానికి ఆని ఉండవచ్చు, దాన్ని వేలాడదీసే రబ్బరు కొక్కెం తెగి ఉండవచ్చు. ఏసీ పైపు బాడీకి రాసుకుంటున్నా ఇదే ఫలితం. క్రాంక్ పుల్లీలోని రబ్బరు పొర విడిపోతే పుల్లీ వంకరగా తిరుగుతుంది. ఆల్టర్నేటర్, కంప్రెసర్ల మీద అనుమానముంటే బెల్టు తీసి కొన్ని సెకన్లు ఇంజను నడిపి చూస్తారు. నీళ్ల పంపు కూడా అదే బెల్టు మీద ఉంటే అంతకు మించి నడపరాదు. స్టీరింగ్ కాలమ్ బోల్టులు, స్టీరింగ్ రాక్‌ను పట్టే బుష్షులు వదులైతే చిన్న వణుకు పెద్దదిగా కనిపిస్తుంది. అసలు స్టీరింగ్‌ది తప్పు అనదగ్గ సందర్భం ఇదొక్కటే.

ఎంత చేసినా కొంత మిగులుతుంది. అది లోపమా, కారు పుట్టుకా అన్నది తేలాలంటే అదే మోడల్, అదే ఏడాది కారు ఇంకొకటి దొరికించుకుని, ఏసీ వేసి, రెండింటి స్టీరింగ్ మీదా చేయి పెట్టి చూడటాన్ని మించిన పరికరం లేదు. సిగ్నల్ దగ్గర ఇంజను తానే ఆగిపోయే కార్లలో ఈ ఫిర్యాదు సగం తగ్గింది, విద్యుత్ కార్లలో ఐడ్లింగే లేదు. హైబ్రిడ్లలో మాత్రం బ్యాటరీ తగ్గినప్పుడు నిలిచిన కారులో ఇంజను దానంతటదే లేస్తుంది. మామూలు స్టార్టరులా నెమ్మదిగా కాకుండా పెద్ద మోటారు క్రాంక్‌ను ఒక్క ఊపున తిప్పి, మౌంటింగుల సొంత లయను రెప్పపాటులో దాటించి, ఆ తర్వాతే మంట మొదలుపెడుతుంది.